పంపడం వేరు, చెప్పడం వేరు

నేను ఉద్యోగంలో చేరిన రోజులలో పాలమూరు పల్లెవారికి కొంచెం పెద్ద పరీక్ష ఏదైనా చేయించాలంటే పట్నం ప్రయాణమే గతి. నేడు ఆ అవస్థ చాలావరకు తీరింది. 2021 జూన్‌లో ప్రభుత్వం 19 జిల్లాలలో ప్రారంభించిన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రాలలో నల్లగొండ, మహబూబ్‌నగర్ కూడా ఉన్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తీసిన రక్తం జిల్లా కేంద్రానికి వెళుతుంది. ఫలితం సెల్‌ఫోనుకు వస్తుంది. పరీక్ష ఉచితం. ఇది మెచ్చుకోవలసిన మార్పు, మెచ్చుకుంటున్నాను.

అయితే ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఫలితం ఫోనుకు చేరింది. రోగికి చేరిందా?

ఆ ఫోను ఎవరిదో ఆలోచించండి. కోస్గి దగ్గరో, మక్తల్ దగ్గరో ఒక అవ్వ ఇచ్చే నంబరు తరచుగా ఆమెది కాదు. హైదరాబాదులో సెంట్రింగ్ పని చేసే కొడుకుది కావచ్చు, ముంబయి వెళ్లిన అల్లుడిది కావచ్చు, పక్కింటి పిల్లవాడిది కావచ్చు. ఆమెదే అయినా రిపోర్టులో కనిపించేవి ఆంగ్లంలో పరీక్షల పేర్లు, పక్కన అంకెలు. సీరం క్రియాటినిన్ 4.8 అని ఉంటే, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నాయని ఆమెకు ఎవరు చెప్పాలి? ఎవరూ చెప్పకపోతే ఆమె ఏం చేస్తుంది? మోకాళ్ల నొప్పికి ఊరి ఆర్.ఎం.పి. ఇచ్చే బిళ్లలనే మింగుతూ ఉంటుంది. అసలే చెడిన మూత్రపిండాలను ఆ బిళ్లలు మరింత చెడగొడతాయి. ఫలితం అందిన తరువాత జరిగిన హాని ఇది. దీనికి బాధ్యత అవ్వదా, అంకెదా, మనదా?

ఇతరులను విమర్శించే ముందు నా తప్పు చెప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం ఈ ప్రాంతపు ఆస్పత్రి ఒకదానిలో పనిచేస్తుండగా ఒక కూలి తల్లి వచ్చింది. గర్భాశయ ముఖద్వారం మీద పుండు కనిపించింది. చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాను. "పది పన్నెండు రోజులకు రా అమ్మా" అన్నాను. ఆమె రాలేదు. రిపోర్టు వచ్చింది, క్యాన్సర్ అని. చదివాను, సంతకం చేశాను, ఫైలులో పెట్టించాను. వస్తే చెబుదామనుకున్నాను. దీపావళి దాటగానే ఆమె గుంపు మేస్త్రీ వెంట వలసపోయిందని నాకు తెలియదు. తెలుసుకోవడానికి ప్రయత్నించలేదన్నది సరైన మాట. ఊరి పేరు కేసు కాగితం మీదే ఉంది. ఒక పోస్టుకార్డు రాసి ఉండవచ్చు. ఆ ఊరికి వెళ్లే ఏ.ఎన్.ఎం.కు ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. తొలకరికి తిరిగి వచ్చిన ఆమెను చూసేసరికి ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది.

"గప్పుడే చెప్తే బతుకుదునా సారూ?" అని అడిగింది.

కోపంగా అడగలేదు, నిజంగానే తెలుసుకోగోరి అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఆ మౌనమే ఈ వ్యాసం రాయిస్తున్నది.

మన వృత్తిలో ఈ విషయం మీద వినిపించే సమాధానాలు నాకు కంఠస్థం. ఒకప్పుడు నేనూ అవే చెప్పాను. ఒక్కొక్కటి పరిశీలిద్దాం.

మొదటిది, "సమయం లేదు." ఓ.పి.లో వందమంది నిలబడి ఉంటారన్నది నిజం. కానీ ప్రతి రిపోర్టుకూ అరగంట ఇవ్వమని ఎవరూ అడగడం లేదు. ప్రాణాపాయం తెలిపే ఫలితాలను విడిగా గుర్తించి వెంటనే ఫోను చేయాలన్న పద్ధతిని లాస్ ఏంజెలెస్‌లో డాక్టర్ జార్జ్ లండ్‌బర్గ్ 1972లోనే ప్రచురించారు. ప్రయోగశాలల నాణ్యతకు నేడు ప్రమాణంగా ఉన్న ఐ.ఎస్.ఓ. 15189 కూడా అటువంటి ఫలితాన్ని వెంటనే తెలియజేయాలనే అంటుంది. రక్తంలో పొటాషియం ఏడు దాటితే ఏ క్షణంలోనైనా గుండె లయ తప్పవచ్చు. ఆ అంకెను మిగిలిన కాగితాల మధ్య పెట్టి సాయంత్రం పంపడం సమయం లేక కాదు, ఏర్పాటు లేక.

రెండవది, "చెబితే భయపడతారు." చెప్పకపోతే భయపడరా? మన ఊళ్లలో 'పాజిటివ్' అంటే మంచిదని సంతోషించినవారిని, 'నెగెటివ్' అంటే ఏదో చెడిందని ఏడ్చినవారిని నేను చూశాను. అర్థం కాని కాగితమే అసలు భయం. దానిని పట్టుకొని ఎవరు ఏం చెబితే అది నమ్ముతారు.

మూడవది, "వాళ్లకు అర్థం కాదు." ఈ మాట నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. హెచ్.ఐ.వి. పరీక్షా కేంద్రాలలో రక్తం తీసేముందు ఒకసారి, ఫలితం వచ్చాక ఒకసారి, కౌన్సెలర్ రోగిని ఎదురుగా కూర్చోబెట్టి గుట్టుగా మాట్లాడతారు. అదే ప్రభుత్వ ఆస్పత్రి, అదే పల్లె రోగి. అక్కడ అర్థమయ్యే మనిషికి పక్క గదిలో అర్థం కాదంటే ఎలా నమ్మాలి?

నాలుగవది, "ఇంట్లోవాళ్లకు చెప్పాం." "ఆయనకు చెప్పకుండ్రి సారూ, గుండె ఆగుతది" అని బంధువులు చేతులు పట్టుకుంటారు. వారి ప్రేమను కాదనను. కానీ శరీరం రోగిది, నిర్ణయం రోగిది. చెడువార్త చెప్పే పద్ధతిగా 2000లో ప్రచురితమై ప్రపంచమంతటా బోధిస్తున్న 'స్పైక్స్' విధానంలో ఒక మెట్టు ఉంది: రోగికి ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో ముందు రోగినే అడగాలి. నమూనా తీసిననాడే "ఫలితం మీకే చెప్పనా, ఎవరినైనా వెంట తెచ్చుకుంటారా?" అని అడిగితే ఆ చిక్కు సగం విడిపోతుంది.

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు. భారత వైద్య మండలి 2002 నాటి వృత్తి ప్రవర్తన నియమావళి, జబ్బు తీవ్రతను పెంచీ చెప్పకూడదు, తగ్గించీ చెప్పకూడదు అంటుంది. రోగికీ బంధువులకూ వారి మేలుకు తగినంత విషయం తెలిసేలా చూడటం వైద్యుడి విధి అని కూడా చెబుతుంది. వైద్య రికార్డులు అడిగిన 72 గంటలలో ఇవ్వాలన్నది కూడా అందులోదే.

నల్లగొండవారికి ఈ పాఠం కొత్తది కాదు. ఇక్కడి నీటిలో ఫ్లోరైడ్ చేటు గురించి 1940లలోనే వైద్యులకు తెలుసు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్న అంకె చాలాకాలంగా పుస్తకాలలో ఉంది. అంకె తెలిసినంత మాత్రాన మర్రిగూడలో, మునుగోడులో పిల్లల కాళ్లు వంకరపోకుండా ఆగలేదు. అంకె పనికివచ్చేది, దానిమీద ఎవరో ఒకరు కదిలినప్పుడే.

కాబట్టి వైద్యమిత్రులను నాలుగు పనులు అడుగుతున్నాను. ఒకటి, నమూనా తీసేటప్పుడే రెండు ఫోను నంబర్లు రాసుకోండి, అవి ఎవరివో కూడా రాయండి. వలస వెళ్లే ఆలోచన ఉందేమో అడగండి. రెండు, ప్రమాదకర ఫలితాన్ని సందేశంతో సరిపెట్టక మనిషితో మాట్లాడి చెప్పండి, విన్నది వారి నోటనే తిరిగి చెప్పించుకోండి. ఆ ఫోను వేరొకరిదైతే జబ్బు పేరు బయటపెట్టక, రోగిని వెంటనే రమ్మనండి. మూడు, రిపోర్టు కింద చేతిరాతతోనైనా తెలుగులో రెండు వాక్యాలు రాయండి: ఏముంది, ఇక ఏం చేయాలి. నాలుగు, పంపిన బయాప్సీలకు ఒక రిజిస్టరు పెట్టండి. ఫలితం చెప్పని పేరును వారానికొకసారి వెతికే బాధ్యత ఒక మనిషికి అప్పగించండి. ఊళ్లో ఆశా కార్యకర్త ఉంది, ఏ.ఎన్.ఎం. ఉంది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికీ కొత్త యంత్రం అక్కరలేదు.

మహబూబ్‌నగర్‌లో 2016 నుండి, నల్లగొండలో 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. రోగితో మాట్లాడటం, వైద్యనీతి ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళికలో 2019 నుండి భాగమయ్యాయి. మా తరానికి ఆ చదువు లేదు. కానీ ఆ పిల్లలు పుస్తకంలో చదివినదాని కన్నా వార్డులో మనం చేసేదే ఎక్కువ నేర్చుకుంటారు.

పాఠకులకు ఒక్క మనవి. "ఏ కబురూ రాలేదంటే అంతా బాగున్నట్టే" అనుకోకండి. పరీక్ష చేయించుకున్ననాడే నాలుగు మాటలు అడగండి: ఇది ఎందుకు? ఫలితం ఏ రోజు వస్తుంది? ఎవరు చెబుతారు? రాకపోతే నేను ఎవరిని అడగాలి? డాక్టరు విసుక్కున్నా అడగండి. అడగడం మీ హక్కు.

ఆనాడు ఆ తల్లి అడిగిన ప్రశ్నకు నేను చెప్పి ఉండవలసిన జవాబు ఇది: "బతికే అవకాశం ఉండేదమ్మా. చెప్పకపోవడం నా తప్పు." ఈ వాక్యం మరొక డాక్టరు నోట రావలసిన అవసరం ఉండకూడదు.