పావుకిలో చాలు

మీ ఇంట్లో ఫ్రిజ్ ఉంటే, అడుగున ఉండే కూరగాయల డబ్బాను ఒకసారి బయటికి లాగి చూడండి. పైపైన కాదు, అట్టడుగుకు చెయ్యి పెట్టి చూడండి. నల్లబడ్డ కొత్తిమీర, మెత్తబడ్డ టమాటా, ముడతలు పడ్డ వంకాయ... ఇవేవీ లేకపోతే ఈ వారం కాలమ్ మీరు చదవక్కర్లేదు. ఉంటే మాత్రం కూర్చోండి, మనం మనం ఒకటే.

నేనుండేది బోరబండలో. సొంతూరు గజ్వేల్ దగ్గర ఒక పల్లె. బీటెక్ అయ్యాక అందరిలాగే అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లు తిరిగాను. ఉద్యోగం వచ్చాక, హైటెక్ సిటీకి ఎంఎంటీఎస్‌లో పోవచ్చని ఇక్కడ రెండు గదుల పోర్షన్ తీసుకున్నాం, నేనూ మా రూమ్మేటూ. వాడిది శ్రీకాకుళం. నేను సొరకాయ అంటే వాడు ఆనపకాయ అంటాడు. నేను పుంటికూర అంటే వాడు గోంగూర అంటాడు. కొనడం దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే భాష. ఫోన్ తీసి కిలో టమాటా, కిలో వంకాయ, అరకిలో బెండకాయ, రెండు కట్టల కొత్తిమీర నొక్కడం. డెలివరీ చార్జీ పడొద్దంటే బిల్లు ఇంత దాటాలని ఉంటుంది కదా, అందుకని ఇంకో క్యాబేజీ.

ఆదివారం కొన్నది సోమ, మంగళవారాలు వండేవాళ్లం. బుధవారం నుంచి రిలీజ్ అనో, క్లయింట్ కాల్ అనో రాత్రి తొమ్మిది దాటేది. ఇంకేముంది, బిర్యానీ ఆర్డర్. శనివారం డబ్బా ఖాళీ చేసి చెత్తబండిలో వేసేవాళ్లం. మళ్లీ ఆదివారం వచ్చేది.

ఇందులో తప్పేముందో నాకు ఎన్నడూ తోచలేదు, నాయిన వచ్చేదాకా.

కిందటేడు నాయినకు కంట్లో శుక్లం ముదిరిందంటే చూపిద్దామని ఇక్కడికి పిలిపించాను. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. మధ్యలో నాలుగు రోజులు నా దగ్గరే ఉన్నాడు. మొదటి రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో నేల మీద కూర్చున్నాడు. ముందర పాత పేపర్ పరిచి ఉంది. ఫ్రిజ్‌లోని టమాటాలన్నీ దాని మీద ఉన్నాయి. చూపు సరిగా ఆనదు కాబట్టి ఒక్కోదాన్ని వేళ్లతో ఒత్తి చూస్తున్నాడు. గట్టిది ఒక పక్క, మెత్తది ఒక పక్క, పూర్తిగా పాడైంది ఇంకో పక్క. పొలం గట్టున చెట్టు కింద కూర్చుని బాక్సుల్లోకి ఏరేవాడు, అచ్చం అట్లాగే.

"ఎన్ని దినాలైంది కొడుకా, ఇవి కొని?"

"నాలుగైదు రోజులైంది నాయినా. పారేద్దామనుకున్న."

నాయిన ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఎక్కువైంది.

మాకు ఎకరంన్నరలో టమాటా ఉండేది. బోయినపల్లి మార్కెట్‌కు పంపేవాళ్లం. నేను బీటెక్‌లో ఉండగా ఒక చలికాలం ధర పడిపోయింది. తెంపిన కూలి, బండి కిరాయి, హమాలీ, కమీషన్ పోను ఎదురు పెట్టుకోవాల్సి వస్తుందని లెక్క తేలాక నాయిన తెంపడమే మానేశాడు. చేనంతా ఎర్రగా పండి, అక్కడికక్కడే మురిగిపోయింది. ఆఖరికి గొర్రెలు తోలుకొమ్మని పక్కవాళ్లకు చెప్పాడు. సెలవులకు పోయినప్పుడు పీల్చిన ఆ పులిసిన వాసన నాకు ఇంకా గుర్తుంది. ఆ ఏడు నా ఫీజు అప్పు తెచ్చి కట్టారు.

అదంతా తెలిసిన నేను, ఆ రాత్రి ఏమన్నానో తెలుసా? "కొన్న గదా నాయినా, పైసలైతే ఎవరికో ముట్టినయ్ గదా" అన్నాను.

"ఆ ఏడు ఎవ్వలు కొనలే, మనం ఇడిసిపెట్టినం. గది వేరే" అన్నాడు నాయిన. "నువ్వు కొనుక్కొచ్చి పారేస్తున్నవ్. తిననోడు కొనుడెందుకు బిడ్డా?"

అని, కత్తిపీట లేదా అని అడిగాడు. చాకు ఇచ్చాను. మెత్తవి కడిగి కోశాడు. నూనె ఎంత పోయాలో తనకు కనబడదు కాబట్టి అది నేను పోశాను. ఎండుమిర్చి, ఎల్లిపాయ, కాస్త చింతపండు వేసి మగ్గించి టమాటా తొక్కు చేశాం. మా రూమ్మేట్ మూడుసార్లు అన్నం పెట్టుకున్నాడు.

మరునాడు ఆదివారం. "ఈడ రైతుబజార్ ఉంటది గదా, తోల్కపో" అన్నాడు నాయిన. మోతీనగర్ మీదుగా ఎర్రగడ్డ రైతుబజార్‌కు బండి మీద పది నిమిషాలు. మూడేళ్లుగా ఇక్కడుంటూ నేను లోపలికి పోవడం అదే మొదలు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. అప్పటికి నాకు రెండేళ్లు. పంజాబ్‌లో 1987లోనే 'అప్నీ మండీ' పేరుతో రైతులే నేరుగా అమ్ముకునే సంతలు వచ్చాయి. మన తర్వాత అదే ఏడాది తమిళనాడులో 'ఉళవర్ సందై' పెట్టారు. ఆలోచన చిన్నదే. రైతుకు ఒక గుర్తింపు కార్డు, కూర్చోవడానికి జాగా, తూకానికి కాటా ఇస్తారు. మధ్యలో దళారీ ఉండడు. ఆ రోజు ధరలు బోర్డు మీద రాస్తారు. టోకు ధర కంటే కొంచెం ఎక్కువ, బయటి చిల్లర ధర కంటే కొంచెం తక్కువ ఉండేట్టు చూస్తారు. అమ్మేవాడికీ కొనేవాడికీ చెరికొంత మిగులుతుంది. మీరు పోతే ముందు ఆ బోర్డు చూడండి. బేరమాడే పని సగం అక్కడే తప్పుతుంది.

"మరి మనమెందుకు ఇట్ల అమ్మలేదు నాయినా?" అని అడిగాను. నవ్వాడు. "ఆకుకూరలోళ్లకు, దగ్గరి ఊర్లోళ్లకు నడుస్తది. మనం గజ్వేల్ కెల్లి రోజూ ఈడికొచ్చి కూసుంటే చేన్ల పని ఎవడు జేస్తడు? నలభై బాక్సుల టమాట పావుకిలో లెక్కన ఎన్నడు అమ్ముడువోవాలె?" నిజమే. ఈ ఏర్పాటు ఎవరికి అక్కరకొస్తుందో, ఎవరికి రాదో ఆ ఒక్క మాటలో తేలిపోయింది. రైతుబజార్ ఉన్నంత మాత్రాన రైతుల కష్టాలన్నీ తీరవు. కానీ అక్కడ గంప ముందు కూర్చున్న మనిషికి మాత్రం ఆ రోజు సంపాదన అదే.

అట్లా కూర్చున్న ఒక అవ్వ దగ్గర ఆగాం. శంకర్‌పల్లి దిక్కు నుంచి వస్తుందట. ముందర గుత్తి వంకాయలు, పాలకూర, గంగవాయిలి కూర ఉన్నాయి. అలవాటు కొద్దీ "వంకాయ కిలో ఇయ్యి అవ్వా" అన్నాను.

"ఇంట్ల ఎంతమంది?"

"ఇద్దరం."

"ఎన్నడు వండుతరు?"

నా దగ్గర జవాబు లేదు.

"గట్లయితే పావుకిలో చాలు కొడుకా. ఇంట్ల వెట్టుకొని చెడగొట్టి, మల్లొచ్చి అవ్వ పుచ్చులిచ్చిందని నన్నే అంటవ్. బుధారం మల్ల రా."

అవ్వ నాకేదో నీతి చెప్పాలని అనలేదు. తన సరుకుకు చెడ్డపేరు రాకూడదనే ఆమె బాధ. కానీ ఇంత కొనమని తోసేవాళ్లే తప్ప, ఇంత వద్దు అని చెప్పిన మనిషి నాకు హైదరాబాద్‌లో అప్పటిదాకా తగల్లేదు.

తర్వాత నెల రోజులు ఎక్సెల్ షీట్ పెట్టాను. చేసేది సాఫ్ట్‌వేర్ కదా, బుద్ధి పోనిస్తామా! కొన్నది, వండింది, పారేసింది అని మూడు గడులు. మొదటి రెండు వారాలు పాత పద్ధతిలోనే కొన్నాం. పారేసింది మూడు కిలోల పైనే వచ్చింది. అదీ ఇద్దరు మనుషుల ఇంట్లో. బోయినపల్లి మార్కెట్‌లో మిగిలిపోయిన కూరగాయలతో బయోగ్యాస్ ప్లాంటు నడుస్తోంది. రోజుకు దాదాపు 10 టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల దాకా కరెంటు తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని 'మన్ కీ బాత్'లో కూడా చెప్పారు. మార్కెట్ చెత్తకైనా ఆ గతి ఉంది. నా మూడు కిలోలు ప్లాస్టిక్ కవర్‌తో సహా చెత్తబండిలోకి పోయాయి.

మూడో వారం నుంచి అవ్వ లెక్క. ఆదివారం మూడు రోజులకు, బుధవారం సాయంత్రం ఇంటి దగ్గరి తోపుడుబండి మీద మిగతా రోజులకు. ఏదైనా పావుకిలోనే. ఇంకో మార్పు కూడా చేశాం. వీడియో చూసి ఇది వండాలని తీర్మానించి బజారుకు పోవడం మానేశాం. బజారులో ఏది లేతగా, చవగ్గా ఉంటే అదే ఆ రోజు కూర.

లేతదో కాదో ఎట్లా తెలుస్తుందంటారా? నాయినా, అవ్వా కలిసి నేర్పిన పాఠం ఇది. బెండకాయ కొన విరిస్తే టక్కుమనాలి, వంగితే ముదిరినట్టు. వంకాయ నిగనిగలాడుతూ, చేతిలో తేలిగ్గా, తొడిమ పచ్చగా ఉండాలి. సొరకాయ మీద గోరు ఇట్టే దిగాలి. (అవ్వ ముందర గుచ్చకండి, తిడుతుంది. మెల్లగా ఒత్తినా తెలుస్తుంది.) టమాటా అన్నీ ఎర్రవి తేకుండా సగం దోరవి తీసుకుంటే, ఎర్రవి అయిపోయేసరికి అవి పండుతాయి. వాటిని ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదు, బుట్టలో చాలు. కొత్తిమీర కడగకుండా, వేర్లు కోసి, పొడిగా పేపర్‌లో చుట్టి పెట్టండి. తడి ఉంటే రెండో రోజే నల్లబడుతుంది.

ఇక వంట. రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరే మనుషులం. అరగంట దాటితే మళ్లీ ఫోన్ వైపే చెయ్యి పోతుంది. కాబట్టి మా ఇంట్లో మూడే మూడు దారులు.

మొదటిది టమాటా పప్పు. చిన్న టీ గ్లాసు కందిపప్పు కడిగి, రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి, నాలుగు టమాటాలు, నాలుగు పచ్చిమిర్చి, చిటికెడు పసుపు వేసి కుక్కర్‌లో నాలుగు విజిల్స్. దించి ఉప్పు వేసి మెదపాలి. నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన ఎల్లిపాయ, కరివేపాకుతో పోపు. టమాటా బదులు పాలకూరైనా, గంగవాయిలి కూరైనా పద్ధతి ఇదే.

రెండోది బీరకాయ. ఒక కాయతో రెండు పూటలు. లోపలి గుజ్జు ముక్కలు చేసి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చితో మూతపెట్టి మగ్గిస్తే కూర. నీళ్లు పోయక్కర్లేదు, కాయలోనే ఉంటాయి. ముక్క ఒకటి నోట్లో వేసుకుని చూసి వండండి, ఒక్కోసారి చేదు కాయ వస్తుంది. చెక్కిన పొట్టు పారేయకుండా పచ్చిమిర్చితో నూనెలో వేయించి, చింతపండు, ఎల్లిపాయ, ఉప్పు వేసి నూరితే పచ్చడి.

మూడోది పచ్చిపులుసు. స్టౌ దగ్గర నిలబడే ఓపిక లేని రోజుకు ఇదే మందు. చింతపండు రసంలో సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, మంట మీద కాల్చి నలిపిన పచ్చిమిర్చి, ఉప్పు, చిన్న బెల్లం ముక్క, కొత్తిమీర. పైన పోపు. వేడి అన్నంలోకి ఇంకేమీ అక్కర్లేదు. మా శ్రీకాకుళం వాడు మొదట "ఉడకని పులుసేంట్రా" అన్నాడు. ఇప్పుడు వారానికి రెండుసార్లు వాడే చేస్తున్నాడు.

బయట తినడం మానేశామని మాత్రం అనను. నెలకు రెండు మూడు బిర్యానీలు నడుస్తూనే ఉన్నాయి. ఫోన్‌లో కొనడం కూడా పాపమేం కాదు. వానలో బుధవారం బండి రాకపోతే మేమూ నొక్కుతాం. కాకపోతే నొక్కేముందు అవ్వ అడిగిన రెండు ప్రశ్నలు అడుగుకుంటాం. ఎంతమంది? ఎన్నడు వండుతరు?

నాయిన ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు రోజూ రాత్రి ఫోన్ చేసి "ఇయ్యాల ఏం కూర?" అని అడుగుతాడు. అంతకుముందు కూడా అడిగేవాడు. బిర్యానీ డబ్బా ముందర పెట్టుకుని "పప్పు" అని చెప్పేవాడిని. ఇప్పుడు వీడియో కాల్‌లో గిన్నె చూపిస్తాను. చూపు వచ్చింది కదా, అబద్ధం చెప్పినా దొరికిపోతాను.

మొన్న శనివారం డబ్బా లాగితే ఒక నిమ్మకాయ, సగం కట్ట నల్లబడ్డ పుదీన కనబడ్డాయి. దాచకుండా చెప్పాను. "పుదీన పాడైంది నాయినా."

"పుదీన అందరిదీ పాడైతది తియ్" అన్నాడు. "మల్లసారి సగం కట్టనే అడుగు."