తాండూరు రాతి తుక్కుకు రేటు కట్టాలి

తాండూరులో రెండు సరకులకు పేరున్నది. ఒకటి కంది, దీనికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. రెండవది నాపరాయి. నీలి, పసుపు బండలు చదరపు అడుగు లెక్కన అమ్ముడై దూర ప్రాంతాలకు తరలిపోతున్నవి. గనిలో విరిగిన ముక్కలకు, పాలిష్ యంత్రాల వద్ద మిగిలే రాతిపొడి బురదకు మాత్రం ధర పలకదు. గుట్టలుగా పడివుండే ఈ తుక్కు ఎండితే దుమ్ము, తడిస్తే బురద. పక్క చేల రైతుకు రెండు విధాలా ఇబ్బందే.

మరొక వంక బండలు, సిమెంటు మోసే లారీల బరువుకు తాండూరు, వికారాబాద్ ప్రాంతపు రోడ్లకు మరమ్మతు తప్పదు. అందుకు మొరం, కంకర కొత్తగా తవ్వవలసిందే. పెరట్లో సరకు ఉంచుకొని బయట కొనడం లాభసాటి బేరం కాదు.

అయితే తుక్కునంతా ఒకే గాటన కట్టరాదు. నాపరాయి పొరలుగా చీలుతుంది. పగులగొడితే పెంకుల వంటి ముక్కలు వస్తాయి. కావున రోడ్డు పై పొరకు నల్లరాతి కంకరే తగును. నాపరాతి ముక్కలు కట్ట నింపడానికి, పరీక్షలో నెగ్గితే అడుగు పొరకు పనికివస్తాయి. రాతిపొడిని తారు మిశ్రమంలో ఫిల్లరుగా వాడవచ్చు. ప్రమాణాల ప్రకారం ఇందులో కనీసం 85 శాతం 75 మైక్రాన్ల జల్లెడ దాటాలి, బంకమట్టి కలవరాదు. సున్నపురాతి పొడి సున్నం కాదు. బట్టీలో కాల్చని పొడి నల్లరేగడిని సున్నం వలె గట్టిపరచదు.

థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద విషయం ఇందుకు పాఠం. దాని వాడకంపై కేంద్రం 1999లోనే ఉత్తర్వు ఇచ్చింది. 2016 సవరణలో రోడ్డు పనులకు 100 కి.మీ. వరకు రవాణా ఖర్చు విద్యుత్ కేంద్రానిదేనని, ఆపైన 300 కి.మీ. వరకు చెరిసగమని నిర్ణయించారు. చవక సరకుకు కిరాయే అసలు ధర అన్న సంగతిని ఆ సవరణ గుర్తించింది.

తాండూరు తుక్కుకు అంత దూరం అక్కరలేదు. చుట్టుపక్కల రోడ్లే చాలు. రోడ్లు భవనాల శాఖ, పంచాయతీరాజ్ ఇంజనీర్లు ముక్కలను, పొడిని వేర్వేరుగా పరీక్షించి, నెగ్గినదానికి రేట్ల పట్టికలో స్పష్టమైన చోటు కల్పించాలి. బిల్లు కాని సరకును ఏ కాంట్రాక్టరూ తాకడు. యూనిట్ల యజమానులు బురదను ఆరబెట్టి, మట్టి కలవకుండా నిల్వచేసి, లోడింగు ఖర్చు భరించడం న్యాయం. గుట్టలు తరలితే ఖాళీ అయ్యే స్థలం వారిదే కదా!