ఉపరంగంలో నివసించేవారు

బొంతపల్లి అనగానే ఈ ప్రాంతపు భక్తులకు వీరభద్రస్వామి ఆలయం స్ఫురిస్తుంది. వర్తకులకు మందుల కర్మాగారాలు స్ఫురిస్తాయి. వీరభద్రుని కథలో నేటి ప్రపంచ రాజకీయాలను అర్థం చేసుకోవడానికి పనికివచ్చే విషయం ఒకటి వున్నది. తగవు దక్షునికీ శివునికీ మధ్య. కాని యజ్ఞశాలలో కళ్ళు పోగొట్టుకొన్నవాడు భగుడు. పళ్ళు రాలినది పూషునికి. పెద్దల వైరంలో పక్కన కూర్చున్నవారికి దెబ్బ తప్పదు.

యుద్ధశాస్త్రంలో ఈ పక్కచోటుకు ఉపరంగమని పేరు. జయాపజయాలు తేలే చోటు ప్రధానరంగం. శత్రువు బలాన్ని చీల్చడానికో, ఒక రేవును మూయడానికో, ఒక దారిని కాపాడడానికో పోరు సాగే చోటు ఉపరంగం. సేనాపతికి ఈ విభజన అవసరమే. ఉన్న కొద్దిపాటి బలాన్ని ఎక్కడ ఎంత వినియోగించాలో అతడు నిర్ణయించుకోవాలి. అయితే చరిత్ర వ్రాసేవారు, బోధించేవారు కూడా సేనాపతి కళ్ళతోనే చూడడం అలవాటైనది. రెండవ ప్రపంచ యుద్ధాన్ని గురించి అడిగితే స్టాలిన్‌గ్రాడ్, నార్మండీ, హిరోషిమా పేర్లు మన విద్యార్థులు తడుముకోకుండా చెబుతారు. కాకినాడ పేరు చెప్పేవారు ఎందరు?

తూర్పు తీరంలో ఆ నాలుగు రోజులు

1941 డిసెంబరు 8న జపాను సేనలు మలయాలోని కోట భారు తీరాన దిగినవి. అక్కడి విమానాశ్రయాన్ని కాపాడే దళాలలో నైజాం సంస్థానానికి చెందిన హైదరాబాదు పదాతిదళం ఒకటి వున్నది. తూర్పున రాజుకొన్న యుద్ధపు తొలి గంటలలోనే దక్కను సైనికుడు అందులో చిక్కుకొన్నాడన్నమాట. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూను పడిపోయినవి. మార్చి 23న అండమాను దీవులు జపాను వశమైనవి. ఏప్రిల్ 5న అడ్మిరల్ నగుమో విమానాలు కొలంబోపైన, 9న ట్రింకోమలీపైన దాడి చేసినవి. ఈ నడుమ అడ్మిరల్ ఓజవా నాయకత్వాన మరొక నౌకాదళం బంగాళాఖాతంలో ప్రవేశించి, కొద్ది రోజులలోనే ఇరవైకి పైగా వర్తకనౌకలను ముంచివేసినది. ఆ దళంలోని ర్యూజో అనే విమానవాహక నౌకనుండి లేచిన విమానాలు ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడ రేవులపై బాంబులు వేసినవి.

లండను, బెర్లిను నగరాలతో పోల్చిచూస్తే ఆనాటి నష్టం స్వల్పమే. కాని భయానికి తూనికరాళ్ళు వేరు. తీరపు పట్టణాలనుండి జనం మూటాముల్లె సర్దుకొని లోపలి పల్లెలకు తరలిపోయారు. మద్రాసు ప్రభుత్వమే తన కార్యాలయాలలో కొన్నింటిని లోపలి జిల్లాలకు మార్చుకొన్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు విడిచి గుంటూరులో తలదాచుకొన్నది. 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ చేతులమీదుగా శంకుస్థాపన జరిగిన సింధియా నౌకానిర్మాణ కేంద్రం పని కుంటుపడినది. అక్కడ నిర్మాణమైన తొలి పెద్ద ఓడ 'జల ఉష' నీటిలో దిగేసరికి 1948 మార్చి వచ్చినది.

గమనించవలసిన విశేషం మరొకటి వున్నది. ఆంధ్ర తీరం ఇరుపక్షాలకూ ఉపరంగమే. జపాను నౌకలు ఇక్కడ నిలవడానికి రాలేదు. బర్మాకు సాగే తమ సముద్రమార్గానికి రక్షణ చూసుకొని మరలిపోయినవి. వాటి అసలు గురి పసిఫిక్‌లో వున్నది; జూన్‌లో మిడ్వే వద్ద అక్కడే దెబ్బతిన్నవి. ఇక బ్రిటిష్ తూర్పు నౌకాదళం, ఉన్న ఓడలను పోగొట్టుకోరాదని, తన పాత యుద్ధనౌకలను తూర్పు ఆఫ్రికాలోని కిలిండిని రేవుకు పంపివేసినది. సైనిక దృష్టితో అది వివేకమే కావచ్చు. తీరవాసి దృష్టిలో దాని అర్థం ఒక్కటే: దాడి చేసినవానికి మనం దారిలోని పని, రక్షించవలసినవానికి మనం ఓర్చుకోదగిన నష్టం.

ఇంతకూ ఈ యుద్ధంలో మనం చేరినది ఎవరి నిర్ణయం వలన? 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారత నాయకులతో ఒక్క మాటైనా సంప్రదించకుండా ఈ దేశం యుద్ధంలో వున్నదని ప్రకటించాడు. నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గాలు కొద్ది వారాలలోనే రాజీనామా చేసినవి. ఉపరంగానికి మొదటి లక్షణం ఇదే. అక్కడి ప్రజలను ఎవరూ అడగరు.

లెక్కకు రాని మనుషులు

బాంబులకంటె పెద్ద దెబ్బ బర్మా తెలుగువారికి తగిలినది. కాకినాడ సమీపంలోని కోరంగి రేవునుండి ఓడలెక్కి వెళ్ళినందున బర్మాలో తెలుగువారికి 'కోరంగీలు' అనే పేరు స్థిరపడినది. రంగూను రేవులో బస్తాలు మోసినవారిలో, బియ్యపు మిల్లులలో పనిచేసినవారిలో వారు అధికసంఖ్యాకులు. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను నగరవాసులలో సగానికి పైగా భారతీయులే. 1941 డిసెంబరు 23న ఆ నగరంపై బాంబులు పడగానే పలాయనం మొదలైనది. ఓడలలో చోటు దొరకనివారు నాలుగైదు లక్షలమంది అరకాను కొండలమీదుగా చట్టగ్రామానికి, మణిపూరు మీదుగా అస్సాముకు నడిచారు. ఆ దారులలో సైతం తెల్లవారికి ఒక ఏర్పాటు, నల్లవారికి మరొక ఏర్పాటు అమలయినదని ఆనాడే తీవ్రమైన విమర్శ వచ్చినది. కలరాతో, మలేరియాతో, ఆకలితో దారిలో రాలిపోయినవారి సంఖ్యను పదివేలని కొందరు, దానికి అనేక రెట్లని కొందరు అంచనా వేశారు. అంచనాల మధ్య ఇంత అంతరమే ఒక సాక్ష్యం. మునిగిన ఓడలకు టన్నులతో సహా లెక్కలు దొరుకుతాయి; నడిచి చనిపోయిన కూలికి లెక్క దొరకదు.

బర్మా బియ్యం ఆగిపోవడంతో దేశమంతటా ధాన్యానికి కటకట ఏర్పడినది. 1943 బెంగాలు కరవుకు కారణాలు అనేకం. వాటిలో ఇది ఒకటి. ఆ కరవులో సుమారు ముప్పది లక్షలమంది మరణించారు. సముద్రం చూడని తెలంగాణ పల్లెకు కూడా యుద్ధం మరొక వేషంలో వచ్చినది. దాని పేరు లెవీ. పండిన పంటలో ఇంత భాగం ప్రభుత్వం నిర్ణయించిన ధరకు అప్పగించవలెనని నైజాం ప్రభుత్వం శాసించినది. దేశ్‌ముఖుల గాదెలు తప్పించుకొన్నవి. చిన్న రైతు గింజలు గాలించబడినవి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగేనాటికి పల్లెలలో పేరుకొన్న ఆగ్రహంలో వెట్టితోపాటు ఈ లెవీకి కూడా భాగం వున్నది.

ఉపరంగం లాభించిన కాలం

యుద్ధం నష్టమే తెచ్చినదా, పరిశ్రమలను తేలేదా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను తోసివేయరాదు. దిగుమతులు ఆగిన ఆ కాలంలోనే, 1942లో హైదరాబాదులో ఆల్విన్, 1943లో సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ వెలసినవి. అంతకంటె ముఖ్యమైన ఉదాహరణ ప్రచ్ఛన్నయుద్ధ కాలంలోనిది. అమెరికా, సోవియట్ శిబిరాల పోటీలో ప్రధానరంగం యూరపు. మనవంటి దేశాలు ఉపరంగాలు. అయినా ఆ పోటీ మన గడ్డపై కర్మాగారాలుగా మొలిచినది. చెకొస్లొవేకియా సహాయంతో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., సోవియట్ సహాయంతో బాలానగరులో ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారం వచ్చినవి. ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చిన రసాయన శాస్త్రజ్ఞులు, సాంకేతికులు తరువాత సొంత సంస్థలు పెట్టారు. పటాన్‌చెరువునుండి బొంతపల్లి వరకు వ్యాపించిన మందుల పరిశ్రమకు వేరు అక్కడ వున్నది. 1984లో ఎద్దుమైలారంలో నెలకొల్పిన ఆయుధ కర్మాగారంలో తయారైన 'శరత్' యుద్ధశకటం కూడా సోవియట్ నమూనాయే.

1942లో దెబ్బ తిన్నాము, 1960 ప్రాంతంలో లాభపడినాము. తేడా ఎక్కడ వున్నది? ఉపరంగమే అయినా రెండవసారి నిర్ణయం మన చేతిలో వున్నది. ఏ శిబిరంలోనూ చేరనందున రెండు శిబిరాలతోనూ బేరమాడగలిగినాము. కోరుకొన్నది కేవలం సరకు కాదు, విద్య. పెద్దల తగవు పక్కవారికి నష్టం కావడం విధి కాదు. అడిగే నోరు, ముందుచూపు లేనప్పుడే అది నష్టమవుతుంది. ఈ వ్యాసం చెప్పదలచిన ముఖ్యవిషయం ఇదే.

నేటి పరిస్థితి

ఈ గీటురాయిపై నేటి పరిస్థితిని గీసి చూడాలి. మన మందుల పరిశ్రమ దిగుమతి చేసుకొనే ముడిమందులలో, వాటికి మూలమైన రసాయనాలలో సుమారు మూడింట రెండు వంతులు ఒక్క చైనానుండి వస్తున్నవి. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో జరిగిన ఘర్షణలో సూర్యాపేట వాసి కర్నల్ సంతోష్‌బాబు, మరి పందొమ్మిదిమంది సైనికులు ప్రాణాలర్పించారు. ప్రధానరంగం లడఖ్. మరి కొద్ది రోజులకే మన రేవులలో చైనా సరకులు తనిఖీలకై నిలిచిపోగా, మందుల పరిశ్రమ ఆందోళన వెలిబుచ్చవలసి వచ్చినది. లోయలో రాయి విసిరితే బొంతపల్లిలో రియాక్టరు ఆగిపోయే ప్రమాదం ఏర్పడినదన్నమాట. అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వం ముడిమందులను దేశంలోనే తయారుచేసేందుకు 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించినది. దిశ సరియైనదే. కాని దశాబ్దాలుగా అల్లుకొన్న ఆధారం ఒక పథకంతో తెగదు.

2023 నవంబరునుండి ఎర్రసముద్రంలో ఓడలపై దాడులు మొదలుకాగా, యూరపుకు వెళ్ళే ఓడలలో అనేకం ఆఫ్రికా ఖండాన్ని చుట్టి పోయినవి. ప్రయాణానికి పది, పదిహేను రోజులు అదనం. ఆ తగవులో మనకు భాగం లేదు. ఓడకిరాయిలో భాగం వచ్చినది. 2022లో ఉక్రెయిన్‌లో వైద్యవిద్య అభ్యసిస్తున్న తెలుగు విద్యార్థులు బాంబుల నడుమ సరిహద్దులు దాటి ఇల్లు చేరారు. సహాయకుని ఉద్యోగమని నమ్మి రష్యాకు వెళ్ళిన హైదరాబాదు యువకుడొకడు 2024లో ఆ యుద్ధభూమిలోనే మరణించాడు. 2025 మే 7న పాకిస్తానుతో ఘర్షణ మొదలైననాడు హైదరాబాదులో సైతం సైరన్లు మ్రోగించి పౌరరక్షణ విన్యాసాలు జరిపారు. దూరశ్రేణి క్షిపణుల కాలంలో, క్షిపణులు తయారయ్యే భానూరు, ఆయుధాలు తయారయ్యే ఎద్దుమైలారం ఇరుగుపొరుగున వున్న ఈ ప్రాంతం 'మాది పక్కచోటు' అని నిశ్చింతగా వుండజాలదు.

అందువలన చేయవలసిన పనులు మూడు కనిపిస్తున్నవి. మొదటిది, ముఖ్యమైన ముడిసరకును ఒక్క దేశంపై ఆధారపడకుండా రెండు మూడు చోట్లనుండి తెప్పించుకోవడం, కొన్ని నెలలకు సరిపడా నిలువ వుంచుకోవడం. నిలువకు ఖర్చు అవుతుందని యజమానులంటారు, నిజమే. ఆ ఖర్చు ముందే భరించకపోతే, సరకు ఆగిననాడు దానిని కూలి డబ్బు రూపంలో భరించేవాడు కార్మికుడు.

రెండవది, ఆ కార్మికుని పేరు లెక్కలోకి ఎక్కడం. ఈ కర్మాగారాలలో పనిచేసేవారిలో బీహారు, ఒడిషా, ఉత్తరప్రదేశ్‌లనుండి వచ్చినవారు అనేకులు. నాటి రంగూనులో కోరంగీ ఎవరో, నేటి పటాన్‌చెరువులో వారు అదే. 2020 ఏప్రిల్ చివర కందిలో నిలిచిపోయిన నిర్మాణ కార్మికులు ఆందోళనకు దిగిన పిదప, మే 1న లింగంపల్లినుండి హతియాకు దేశంలోని తొలి శ్రామిక రైలు బయలుదేరినది. అది యుద్ధం కాదు, వ్యాధి. కాని పాఠం అదే. ఆపద వచ్చాక మనుషులను లెక్కించడం మొదలుపెడితే, లెక్క పూర్తయ్యేలోగా వారు నడక మొదలుపెడతారు.

మూడవది ఉపాధ్యాయుల చేతిలో వున్నది. ప్రపంచ యుద్ధాల పాఠం చెప్పేటప్పుడు పటంలో బెర్లినుతోపాటు కాకినాడను, కోట భారును, అరకాను కనుమలను కూడా చూపవలె. లెవీ ధాన్యం కథ విన్న పెద్దలు పల్లెలలో ఇంకా వున్నారు. విద్యార్థులచేత వారిని పలకరింపజేసి, ఆ మాటలు వ్రాయించవలె. తమ ఊరికి ఏ దేశంనుండి ఏ సరకు ఏ దారిన వస్తున్నదో తెలుసుకొన్న విద్యార్థి, దూరదేశపు యుద్ధవార్తను క్రికెట్ స్కోరువలె చదవడు. ఎవరు గెలిచారని మాత్రమే గాక, పక్కన వున్నవారు ఏమయ్యారని కూడా అడుగుతాడు.

ఏ దేశపు పటంలో చూసినా మరొకరి ఊరు ఉపరంగమే. అందులో నివసించేవానికి మాత్రం అతని ఇల్లే ప్రధానరంగం. ఈ చిన్న సత్యాన్ని గుర్తించిన పౌరులున్నచోట పాలకులు యుద్ధాన్ని గురించి తేలికగా మాట్లాడజాలరు.