ఊరు కదల్లేదు, కాగితాలే కదిలాయి

‘కాగితం ఉందా?’

గోదావరికి ఇవతల పాల్వంచ, అశ్వాపురం వైపు గానీ, అవతల కూనవరం, చింతూరు వైపు గానీ, పోడు భూమి మీద హక్కు అడిగిన ఆదివాసీ స్త్రీకి మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న ఇది. చెట్టూ పుట్టా కొట్టి చేను చేసినప్పుడు ఎవరూ ఆమెను కాగితం అడగలేదు. కలుపు తీసినప్పుడు, రాత్రుళ్ళు మంచె మీద కాపలా కాసినప్పుడు అడగలేదు. ఇప్పపువ్వు ఏరినందుకు, తునికాకు కట్టలు కట్టినందుకు రుజువు చూపమనలేదు. హక్కు అన్న మాట ఎత్తిన రోజునే కాగితం గుర్తొస్తుంది.

ఈ ప్రశ్నకు మన సంఘాలు రెండు రకాలుగా జవాబిస్తూ వచ్చాయి. ‘అడవే మా సాక్ష్యం, కాగితంతో మాకేం పని’ అనడం ఒకటి. ఆ మాటలో న్యాయం ఉంది కానీ కమిటీ ముందు అది నిలబడదు. ఉన్న నాలుగు కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి, ‘రికార్డు లేదు’ అనిపించుకుని వెనక్కి రావడం రెండోది. నా ఉద్దేశంలో ఈ రెండూ చాలవు. ప్రశ్ననే తిప్పి అడగాలి. కాగితం ఉన్నది మా దగ్గర కాదు, మీ దగ్గర. నూట యాభై ఏళ్ళుగా మా అడవిని కొలిచింది, పన్ను కట్టించుకుంది, జరిమానా వేసింది మీరు. రాసుకున్నదీ మీరే. తీసి చూపండి.

ఒక ఊరు, ఎన్నో కచేరీలు

రికార్డు దొరక్కపోవడానికి కారణం అది లేకపోవడమే కానక్కర్లేదు. వెతకవలసిన చోట వెతక్కపోవడం కూడా కావచ్చు. వరరామచంద్రపురం మండలంలోని రేకపల్లిని తీసుకుందాం. ఆ ప్రాంతం 1860 దాకా నిజాం రాజ్యంలో ఉంది. ఆ ఏడు బ్రిటిష్ వారి చేతికి వెళ్ళి, మధ్య పరగణాల కింద ఎగువ గోదావరి జిల్లాలో చేరింది. ఆ జిల్లాకు కేంద్రం సిరోంచ, మధ్య పరగణాలకు రాజధాని నాగపూర్. 1874లో దాన్ని మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చారు. ఆ తర్వాత తూర్పు గోదావరి అయింది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పోలవరం ముంపు మండలాల పేరుతో మళ్ళీ తూర్పు గోదావరికి వెళ్ళింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు పాడేరు దాని జిల్లా కేంద్రమైంది.

ఊరు అంగుళం కదల్లేదు. కాగితాలు మాత్రం హైదరాబాదు, నాగపూర్, మద్రాసు, కాకినాడ, ఖమ్మం, పాడేరుల మధ్య చెదిరిపోయాయి. 1870 నాటి సంగతి కోసం ఖమ్మం కలెక్టరేటులో అడిగితే లేదనే అంటారు. అక్కడ ఉండే వీలే లేదు. అది నాగపూర్‌లో వెతకాల్సిన విషయం. 1930 నాటి అటవీ ఉత్తర్వు కావాలంటే చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు రెవెన్యూ బోర్డు కాగితాలు చూడాలి. ఆదివాసీ స్త్రీకి ఈ దారి ఎవరు చెబుతారు? బస్సు చార్జీ ఎవరిస్తారు?

గోదావరి ఇవతలి ఒడ్డుది వేరే కథ. పాల్వంచ సంస్థానం, బూర్గంపాడు, ఇల్లెందు 1948 దాకా నిజాం ఏలుబడిలోనే ఉన్నాయి. ఇక్కడి పాత రికార్డు చాలావరకు ఉర్దూలో, ఇంకా వెనక్కి పోతే ఫార్సీలో ఉంటుంది. దానికి చోటు హైదరాబాదు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్. ఇటు సేత్వార్, పహాణీ అంటారు. అటు సెటిల్‌మెంట్ రిజిస్టరు, అడంగల్ అంటారు. రెండు వైపులా ఫసలీ సంవత్సరాలే కనిపిస్తాయి. ఫసలీకి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. 1359 ఫసలీ అంటే 1949. నదికి ఎదురెదురుగా ఉన్న రెండు ఊళ్ళు ఒకే భాష మాట్లాడుకుని, పిల్లనిచ్చి పుచ్చుకుని బతికినా, వాళ్ళ కాగితాలు రెండు భాషల్లో, రెండు రాజధానుల్లో మూలుగుతున్నాయి.

ఇది తెలిసి ఉండడం భూమి అడగడానికే కాదు, భూమిని కాపాడుకోవడానికి కూడా అవసరం. భద్రాచలం ఏజెన్సీలో 1917 నుంచే ఆదివాసుల భూమిని ఇతరులకు బదిలీ చేయడం మీద చట్టపరమైన అదుపు ఉంది. తెలంగాణ వైపుకు 1959 నాటి భూ బదిలీ రెగ్యులేషన్ 1963 డిసెంబరు నుంచి వచ్చింది. 1970లో చేసిన సవరణ ప్రకారం, ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఆదివాసీ నుంచి వచ్చిందనే భావించాలి. కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత గిరిజనేతరుడిది. అందుకే ‘మా తాత అప్పుడెప్పుడో కొన్నాడు’ అనే పాత కాగితాలకు ఏజెన్సీలో అంత గిరాకీ. నది అవతలి ఊరి భూమికి 1940ల నాటి నిజాం అధికారి ముద్ర ఉన్న పత్రం ఎవరైనా చూపిస్తే, ఆ ఊరు అప్పటికే ఎనభై ఏళ్ళుగా నిజాం కింద లేదన్న సంగతి మన కార్యకర్తకు తెలియాలి.

ఎందుకు రాశారు?

సర్కారు ఏదీ మన కోసం రాయలేదు. పన్ను కావలసి వచ్చినప్పుడో, తిరుగుబాటు వచ్చినప్పుడో రాసింది. అయినా ఆ రాతలో మనకు పనికొచ్చేది చాలా ఉంది.

1879 రంప తిరుగుబాటు ఆ ఏడే రేకపల్లి ప్రాంతానికి పాకింది. కారణాన్ని అప్పటి పాలకులే రాసిపెట్టారు. మధ్య పరగణాల కింద ఉన్నప్పుడు అక్కడ పోడుకు పెద్దగా ఆటంకం లేదు, గొడ్డలికి ఇంత అని కొద్దిపాటి పన్ను కట్టేవారు. మద్రాసు చేతికి వచ్చాక ఆ పన్నును దాదాపు మూడింతలు చేశారు, కొన్ని చోట్ల పోడు కొట్టకుండా ఆపారు. హెమింగ్వే 1907లో తెచ్చిన గోదావరి జిల్లా గెజిటీరులో కూడా ఈ సంగతి ఉంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? పన్ను వసూలు చేశారంటే సాగు ఉన్నట్టే. ఆపారంటే అంతకుముందు సాగినట్టే. ఇది మన వాదన కాదు, వాళ్ళ రాత.

అలాగే అటవీ శాఖ జరిమానా రసీదు. ‘అక్రమంగా పోడు కొట్టినందుకు’ అని రాసి ఇచ్చిన ఆ చీటీని మన ఆడవాళ్ళు భయంతో చించేశారు, కొందరు అవమానంగా భావించి దాచేశారు. ఆ రోజు ఆ మనిషి ఆ చేను మీద ఉన్నదని సర్కారు తన చేత్తో రాసిచ్చిన పత్రం అది. దాన్ని భద్రంగా ఉంచమని ఊరూరా చెప్పాలి.

ఆమె పేరు ఎక్కడ?

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. ఇన్ని రికార్డులు వెతికినా అందులో స్త్రీ పేరు దొరకడం అరుదు. పట్టాదారు అతను, పటేలు అతను, వాంగ్మూలం ఇచ్చింది అతను. జనాభా లెక్కల్లో ఆమె ఒక అంకె. భర్త చనిపోతే భూమి రికార్డు కొడుకు పేరుకో, మరిది పేరుకో మారుతుంది. మధ్యలో ఇరవై ఏళ్ళు ఆమే సేద్యం చేసినా ఆ ఇరవై ఏళ్ళూ కాగితం మీద కనిపించవు. కనుక రికార్డు వెతకమంటున్నానంటే రికార్డును నమ్మమని కాదు. రికార్డులో ఆమె లేనంత మాత్రాన భూమి మీద ఆమె లేదని కాదు.

వారసత్వం విషయంలో ఈ లోటు మరింత నష్టం చేస్తుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. వాళ్ళకు ఆచారమే చట్టం అంటారు. ఆ ఆచారం ఏమిటో ఎవరిని అడిగి రాశారు? దొరలు వచ్చి కులపెద్దలను అడిగి రాసుకున్నారు. ఆడవాళ్ళను అడిగిన జాడ అందులో ఎంత వెతికినా అంతంతమాత్రమే. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, ఆచారం పేరు చెప్పి స్త్రీకి వాటా లేదని ముందే అనుకోవడం కుదరదని, ఆదివాసీ స్త్రీ వారసులకూ సమాన వాటా ఉండాలని తీర్పు చెప్పింది. ఇకపై ‘మా ఆచారంలో ఆడవాళ్ళకు లేదు’ అని ఎవరైనా పాత పుస్తకం చూపిస్తే, ఆ పుస్తకం ఎవరి నోటి మాటతో రాశారని మనం అడగాలి.

చట్టం ఎవరి మీద బాధ్యత పెట్టింది?

2006 అటవీ హక్కుల చట్టం, దాని 2008 నిబంధనలు, 2012 సవరణలు మన చేతిలో ఉన్నాయి. కానీ వీటిని చదివి చెప్పేవాళ్ళు తక్కువ. ఆదివాసీ కుటుంబం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి భూమి మీద ఉంటే చాలు. షెడ్యూల్డ్ తెగల జాబితాలో లేని పేద కుటుంబమైతే ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అడవిలో నివాసం ఉన్నట్టు చూపాలి. అంటే 1930 దాకా వెళ్ళాలి. ఆ ఏడు నదికి ఒక ఒడ్డు మద్రాసుది, ఇంకొక ఒడ్డు నిజాంది. చదువు లేని ఒక దళిత స్త్రీ ఎగ్మోర్‌కో తార్నాకకో వెళ్ళి ఉర్దూ, ఇంగ్లీషు కాగితాలు తిరగేసి తన అవ్వ ఉనికిని రుజువు చేసుకోవాలన్నమాట. ఇది న్యాయమా?

అయితే అవే నిబంధనల్లో మనకు పట్టు దొరికే చోట్లు ఉన్నాయి. పదమూడో నిబంధన ఏవేవి సాక్ష్యాలో చెబుతుంది. సంస్థానాల కాలం నాటి రికార్డులు, పటాలు, అటవీ శాఖ కాగితాలు అందులో ఉన్నాయి. చేను గట్లు, బావులు, శ్మశానాలు, కొలుపు చేసుకునే చోట్లు ఉన్నాయి. హక్కు కోరినవారు కాక ఊరి పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలమూ ఉంది. ఒకటి కంటే ఎక్కువ సాక్ష్యాలు చూడాలి. ఫలానా కాగితమే తెమ్మని పై కమిటీలు పట్టుబట్టకూడదని 2012 సవరణ స్పష్టంగా చెప్పింది. అన్నిటికంటే ముఖ్యం పన్నెండో నిబంధన. గ్రామసభ గానీ అటవీ హక్కుల కమిటీ గానీ రాతపూర్వకంగా కోరితే, సంబంధిత అధికారులు రికార్డుల ధ్రువీకరించిన నకలు ఇచ్చి, అర్థమయ్యేలా వివరించే ఏర్పాటు చేయాలి. పటాలు, ఓటర్ల జాబితాలు ఇవ్వవలసింది సబ్ డివిజన్ స్థాయి కమిటీ. హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేర్ల మీదా ఉండాలని, ఒంటరి స్త్రీకి ఆమె పేరు మీదే ఇవ్వాలని చట్టమే చెబుతోంది.

అంటే వెతికి ఇచ్చే భారం సర్కారుది. ఆచరణలో అది ఆమె నెత్తిన పడింది. ఆధారం లేదని తోసిపుచ్చిన దరఖాస్తుదారులను ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 13న ఆదేశించి, దేశమంతా ఆందోళన రేగాక 28న నిలిపివేసింది. ‘రికార్డు లేదు’ అన్న రెండు మాటలు ఎంతమందిని రోడ్డు మీదికి తేగలవో ఆ రెండు వారాల్లో చూశాం.

మనం చేయవలసింది

మొదట ప్రతి ఊరికి పాలన చరిత్ర ఒక పేజీలో రాసుకోవాలి. ఏ ఏడు ఎవరి కింద ఉంది, ఏ తాలూకా, ఏ భాష. ఇది లేకుండా ఆర్కైవ్స్ మెట్లెక్కడం దండగ.

రెండు, వ్యక్తిగా కాక గ్రామసభ తీర్మానంతో రికార్డులు అడగాలి. పన్నెండో నిబంధన పేరు రాయాలి, అందినట్టు సంతకం, తేదీ తీసుకోవాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. రికార్డులను పట్టిక వేసి క్రమంలో ఉంచడం ప్రతి కార్యాలయం బాధ్యత అని ఆ చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుం లేదు.

మూడు, ముసలమ్మల వాంగ్మూలాలు. కోయ డోలీలు పడిగె గుడ్డ మీద బొమ్మలు చూపిస్తూ గోత్రాల కథ చెబుతారు. మణుగూరు ప్రాంతానికి చెందిన సకిని రామచంద్రయ్యకు సమ్మక్క సారలమ్మల గాథ పాడినందుకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన వెళ్ళిపోయారు. ఆయనతో ఎంత చరిత్ర పోయిందో లెక్క కట్టలేం. మరి ఏ చేనులో ఏ ఏడు ఏం వేశారో, ఏ బావి ఎవరు తవ్వారో, ఏ చెట్టు కింద ఎవరిని పూడ్చారో చెప్పగల ఆడవాళ్ళను ఎవరు గుర్తించారు? వాళ్ళు చెప్పేది వాళ్ళ భాషలోనే రాయాలి, పక్కనే తెలుగులో పెట్టాలి, గ్రామసభలో చదివి సంతకాలు చేయించాలి. గ్రామసభ కోరంలో మూడో వంతు, అటవీ హక్కుల కమిటీలో మూడో వంతు స్త్రీలు ఉండాలన్న నిబంధన హాజరు పట్టీ నింపడానికి కాదు, ఇలాంటి పనికి.

నాలుగు, ఈ పని ముంపు గ్రామాల్లో వెంటనే జరగాలి. ఊరు ఖాళీ అయితే గట్టూ బావీ శ్మశానమూ నీళ్ళ కింద పోతాయి. సాక్షులు తలో కాలనీకి చెదిరిపోతారు. ఆ తర్వాత ఏ చట్టం ఏ సాక్ష్యాన్ని ఒప్పుకున్నా చూపించడానికి ఏమీ ఉండదు.

ఇక ప్రభుత్వాలను అడగవలసింది ఒక్కటే. హైదరాబాదు, చెన్నై, నాగపూర్‌లలో ఉన్న ఈ ప్రాంతపు అటవీ, రెవెన్యూ రికార్డుల నకళ్ళు తెప్పించి, ఉర్దూ ఇంగ్లీషు పత్రాలకు తెలుగు సారాంశం రాయించి, భద్రాచలం ఐటీడీఏలో ఎవరైనా చూసుకునేలా ఉంచాలి. ముంపు మండలాల ఫైళ్ళు రెండు రాష్ట్రాల మధ్య ఎక్కడెక్కడున్నాయో జాబితా ప్రకటించాలి. ఇది కోట్లతో పని కాదు. అంతవరకూ, రికార్డు లేదన్న కారణంతో ఒక్క స్త్రీ దరఖాస్తును కూడా తిరస్కరించకూడదు. ఏ రిజిస్టరు వెతికారో, ఎక్కడ వెతికారో, ఎవరు వెతికారో రాసి సంతకం చేసి ఇవ్వనిదే ‘లేదు’ అన్న మాటను మనం ఒప్పుకోకూడదు.