పింగ్‌కి జవాబొస్తే సరిపోతుందా?

సర్వర్ నడుస్తోందో లేదో చూడాలంటే మనం ముందు చేసే పని పింగ్ చేయడం. జవాబొస్తే మెషీన్ బతికే ఉందన్నమాట. లోపల అప్లికేషన్ సరిగ్గా పనిచేస్తోందని మాత్రం దానర్థం కాదు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి ఈ మాట ఎన్నోసార్లు చెప్పాను. మా అమ్మ విషయంలో మాత్రం మూడేళ్ళు పింగ్‌తోనే సరిపెట్టుకున్నాను.

ప్రతి ఆదివారం డాలస్ నుంచి గుంటూరుకి ఫోన్. "తిన్నావా నాన్నా? పిల్లలు బాగున్నారా? అక్కడ చలిగా ఉందా?" అని అడిగేది. "మీరెలా ఉన్నారమ్మా?" అంటే, "మాకేం, బాగానే ఉన్నాం" అనేది. ఇంకేమైనా అడిగితే పక్కనుంచి నాన్నగారు అందుకునేవారు. ఆ మూడు ప్రశ్నలు తప్ప కొత్తమాట రావడం లేదని నేను గమనించనే లేదు. చెప్పిందే చెబుతోందని నాన్నగారు ఒకసారి అంటే, "వయసొచ్చింది కదా, చాదస్తం" అని నవ్వేశాను. డిమెన్షియాకి నిఘంటువుల్లో ఏ పేరున్నా, మన ఇళ్ళల్లో దాని పేరు చాదస్తమే.

2022లో ఇక్కడికి వచ్చినప్పుడు, ఒకరోజు పొయ్యి దగ్గర పోపులడబ్బా పట్టుకుని నిలబడిపోయింది. మూకుట్లో నూనె పొగలు కక్కుతోంది. "ముందు ఏది వెయ్యాలిరా?" అని నన్నడిగింది. నలభయ్యేళ్ళు పోపు పెట్టిన మనిషి!

డాక్టరు గడియారం బొమ్మ గియ్యమన్నారు. కొన్ని మాటలు చెప్పి, కాసేపాగి మళ్ళీ చెప్పమన్నారు. అనువాదం చేసింది నేనే. తప్పు పోయినప్పుడల్లా, "ఇంగ్లీషు పద్ధతులు ఆవిడకి అలవాటు లేదండీ" అని సర్దిచెప్పాను. దాంతో ఇంకో ఏడాది పోయింది. తర్వాత హైదరాబాదులో అదే తరహా పరీక్ష తెలుగులో పెట్టారు. ఇక నెపం భాష మీదికి నెట్టడానికి కుదరలేదు. అల్జీమర్స్ అన్నారు.

"తెలిసి మాత్రం ఏం లాభం, మందు లేదు కదా" అనే మిత్రులున్నారు. ఆ మాటతో నేను ఏకీభవించను. మొదటిది, మతిమరుపంతా అల్జీమర్స్ కాదు. బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్, కొన్ని నిద్రమాత్రలు కూడా అలాగే కనిపిస్తాయి. వాటిలో చాలావాటిని రక్తపరీక్షతోనో, మందుల చీటీ ఒకసారి తిరగేసో పట్టుకోవచ్చు, సరిచేయనూవచ్చు.

రెండోది, మందులు అసలు లేకపోలేదు. డోనెపెజిల్ 1996 నుంచి, మెమాంటిన్ అమెరికాలో 2003 నుంచి ఉన్నాయి. అవి జబ్బును ఆపవు గాని, కొందరిలో రోజువారీ పనులు కొంతకాలం నిలబడతాయి. డోనెపెజిల్‌తో వికారం రావచ్చు, నాడి నెమ్మదించవచ్చు. కనక గుండెజబ్బు ఉంటే ముందే చెప్పాలి.

ఇక 2023లో ఎఫ్‌డీఏ పూర్తి ఆమోదం ఇచ్చిన లెకానెమాబ్ సంగతి. ట్రయల్‌లో క్షీణత 27 శాతం తగ్గిందని అందరూ ఫార్వర్డ్ చేశారు. అసలు అంకె చూడండి: 18 నెలల తర్వాత, 18 పాయింట్ల స్కేలు మీద తేడా 0.45. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి పదేపదే ఎం.ఆర్.ఐ. తీయాలి. పైగా అది తొలిదశలో ఉన్నవాళ్ళకే. ఆలస్యంగా వెళితే ఆ తలుపు కూడా మూసుకుపోతుంది.

గొడవ చేస్తున్నారని మత్తుమందు రాయించుకోవడం మరో పొరపాటు. సైకోసిస్‌కి వాడే మందులతో డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాలు పెరుగుతాయని ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. తప్పనిసరైతే డాక్టరు చూపులో, తక్కువ కాలమే వాడాలి. అమ్మకి ఎక్కువ పనికొచ్చినవి రోజూ ఒకే వేళకి నడక, వినికిడి యంత్రం, చిక్కుడుకాయల ఈనెలు తీసే పని, మధ్యాహ్నం ఘంటసాల పాటలు.

మూడోది మనం తరచు మరిచేది. ఇచ్చినవారి మతిస్థిమితం పోతే, భారత చట్టం ప్రకారం పవర్ ఆఫ్ అటార్నీ చెల్లదు. వీలునామా, బ్యాంకు జాయింట్ ఖాతా, ఏ వైద్యం కావాలో వద్దో అన్న మాట, అన్నీ వారికి తెలివిడి ఉండగానే తేల్చుకోవాలి.

ఇంట్లో కెమెరాలు నేనూ పెట్టించాను. రాత్రి రెండింటికి అమ్మ లేచి తిరగడం డాలస్‌లో కూర్చుని చూస్తాను. లేచి వెళ్ళి పడుకోబెట్టేది మాత్రం డెబ్భై రెండేళ్ళ నాన్నగారే. కెమెరాల ఖర్చుకన్నా ముందు ఆయనకి రాత్రిపూట తోడుగా ఒక మనిషిని పెట్టాల్సింది. ఆ పని ఆరునెలలు ఆలస్యంగా చేశాను.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు "బాగున్నారా" అని ఊరుకోకండి. నిన్న ఏం వండారు, ఎవరొచ్చారు, ఈ నెల కరెంటు బిల్లు ఎవరు కట్టారు అని అడగండి. తెలిసిన వీధిలో దారి తప్పడం, కట్టిన బిల్లే మళ్ళీ కట్టడం, పనిమనిషి నగలు తీసిందని కొత్తగా అనుమానించడం లాంటివి ఉన్నాయేమో ఇంట్లో రెండోవారిని విడిగా కనుక్కోండి. జవాబులన్నీ పక్కనుంచే వస్తుంటే సెలవు పెట్టి టికెట్ బుక్ చేసుకోండి.