కొలువు మేడలకు ఇటుక వన్నె

నవరాత్రుల కొలువునకై అట్టతోను, అగ్గిపెట్టెలతోను చిన్న మేడలు కట్టు కోవిల్‌పట్టి, విరుదునగరముల మన పిల్లలకు ఒక మనవి. గోడకు ఎఱ్ఱరంగు పూసి తెల్లగీతలు గీచినంతమాత్రమున అది ఇటుకగోడ కానేరదు. తొమ్మిదంగుళముల ఇటుక, యాబదింట నొకవంతు నమూనాలో నాలుగున్నర మిల్లీమీటర్లకు మించదు. సెంటీమీటరు పొడవున గీచితిమా, అది నిజమునకు అరమీటరు బండ యగును!

మొద్దు సూదితో అట్టపై సందులు గీచి, గోడనంతటిని సున్నపు గార వన్నెతో, అనగా మాసిన తెలుపుతో, పూయవలెను. అది ఆరిన పిదప, ఇటుక రంగులో ముంచి గుడ్డకు తుడిచిన పొడి కుంచెను పైపైన నడిపించవలెను. గాడులలోనికి రంగు దిగదు. సందులు తెల్లగనే మిగులును. పై వరుస సందు క్రింది వరుస సందుపై పడరాదు. పదింట రెండు ఇటుకలు ఆవములో ఎక్కువ కాలినట్లు నల్లబాఱియుండిన మరింత నమ్మకముగా నుండును. అచ్చుకాగితము అతికించుట సులభమే కాని, దానియందు ఈ వింత లేదు.

అయితే అన్ని మేడలకును ఇటుక చూపుట తగునా? తగదని నా దృఢాభిప్రాయము. తిరుమల నాయకుడు 1636లో మధురయందు కట్టించిన మహలు ఇటుకతో కట్టినదే. కాని పైన నున్నని మెఱుగుసున్నము పూసిరి. దానికి ఎఱ్ఱ ఇటుకలు దిద్దుట మన పూర్వుల గారపనిని మనమే గీచివేయుట. మన పసివారిలో పెక్కుమంది ఆ మహలును ముందుగా చూచునది కొలువు మెట్లమీదనే కదా! అట్టి నమూనాకు గోడ అడుగున, నెమ్ము ఎక్కు చోట, గార రాలినట్లు నాలుగు ఇటుకలు చూపిన చాలును.