పాట ఎవరిది?

ఈసారి ఒక ఇంగ్లీషు ఆల్బమ్ గురించి రాస్తున్నా. పేరు ‘గ్రేస్‌లాండ్’, 1986లో వచ్చింది. పాడింది అమెరికా గాయకుడు పాల్ సైమన్. రాక్ అంటారు గానీ అందులో లెసోతో అకార్డియన్ ఉంది, జులూ కోరస్ ఉంది, లూసియానా జైడెకో కూడా ఉంది.

1985లో ఆయన జోహన్నెస్‌బర్గ్ వెళ్లి అక్కడి నల్లజాతి వాయిద్యగాళ్లతో రికార్డు చేశాడు. అప్పుడక్కడ వర్ణవివక్ష ప్రభుత్వం. కళాకారులెవరూ వెళ్లొద్దని ఐక్యరాజ్యసమితి పిలుపిచ్చింది. అందుకే చాలామంది తిట్టారు. ఆ తిట్లలో సగమే న్యాయం అని నా అభిప్రాయం. వాయించినవాళ్లు ఆ ప్రభుత్వం కింద నలిగినవాళ్లే కదా! అయితే పోరాడేవాళ్లను ముందు అడిగి వెళ్లాల్సింది.

నాకు బాగా నచ్చింది లేడీస్మిత్ బ్లాక్ మంబాజో బృందం. వాళ్ల పాటని ఇసికాతమియా అంటారు. గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనికొచ్చిన జులూ కూలీలు హాస్టళ్లలో పెంచిన పాట అది. అవును, హాస్టళ్లే! చప్పుడు కాకుండా మునివేళ్ల మీద అడుగులేస్తారు. (వార్డెన్ సారు నవ్వకూడదు.) ‘హోమ్‌లెస్’ పాటకి సైమన్‌తో పాటు జోసెఫ్ షబలాలా పేరు కూడా రచయితగా వేశారు. అది మంచి పని. అట్ట మీద మాత్రం సైమన్ పేరొక్కటే.

పోయినేడాది ఒకాయన మా ఊరొచ్చి మా అవ్వ పాడిన థింసా పాట సెల్లులో పట్టుకుపోయాడు. ఇప్పుడది అందరి సెల్లుల్లోనూ తిరుగుతోంది, అవ్వ పేరు ఎక్కడా లేదు. అడిగితే "జానపదం కదా, ఎవరిదైతే ఏంటి" అన్నాడు. అవ్వ ఏమీ అనలేదు. నాకే కడుపు మండింది.

వార్షికోత్సవంలో మన పాటలు పాడేటప్పుడు ఏ ఊరి పాటో, ఎవరు నేర్పారో మైకులో చెప్పనివ్వండి సార్.